స్పాంజి ముక్కలూ, నాయన చెవులూ

పోయిన సంవత్సరం ఒక క్లయింట్ కాల్‌లో అవతలినుంచి ఒకావిడ చాలా మర్యాదగా అడిగింది, "మీ దగ్గర రైలేదో వెళ్తున్నట్టుంది, అది పోయేదాకా ఆగుదామా?" అని. ఆగితే రాత్రి ఎనిమిదిదాకా ఆగాలి తల్లీ, అది రైలు కాదు, మా నాయన మరమగ్గాలు అని చెప్పలేక గబుక్కున మ్యూట్ నొక్కేశాను.

ప్రొద్దుటూరు అనగానే అందరికీ బంగారం అంగళ్ళు, దసరా గుర్తొస్తాయి. మాకు మాత్రం మగ్గం చప్పుడే ప్రొద్దుటూరు. ముందువైపు ఇల్లు, వెనకవైపు రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగు మరమగ్గాలు. షెడ్డుకీ నా గదికీ మధ్య ఒకే ఒక్క గోడ. నెలలో రెండు వారాలు బెంగళూరు ఆఫీసు, రెండు వారాలు ఇంటినుంచి పని అని మా కంపెనీవాళ్ళు అన్నప్పుడు ఎగిరి గంతేశాను. అమ్మ చేతి రాగిసంగటి కళ్ళముందు కనపడిందే గానీ గోడవతల మగ్గాలు గుర్తుకు రాలేదు.

సరే, మనం సాఫ్ట్‌వేరోళ్ళం కదా, సమస్య రాగానే మొదట చేసేది ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టడం. పాటలు రికార్డు చేసే గదుల్లో గోడలకి నల్లటి ఫోమ్ అంటించి ఉంటుంది చూడండి, చిన్న చిన్న పిరమిడ్లలాగా. అడుగుకి అడుగు, రెండంగుళాల మందం. ఇరవై నాలుగు ముక్కలు తెప్పించి, ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రందాకా కూర్చుని షెడ్డువైపు గోడకంతా అంటించాను. నాయన వచ్చి వేలితో నొక్కి చూసి, "ఏందిరా ఇది, కోడిగుడ్ల అట్టలు అంటించినావు?" అన్నాడు.

సోమవారం మగ్గాలు మొదలయ్యాయి. ఫోన్‌లో డెసిబెల్ మీటరు యాప్ పెట్టి చూస్తే అంతకుముందు 78 ఉన్నది 77 చూపించింది. ఇరవై నాలుగు ముక్కలకి ఒక్క డెసిబెల్! యాప్ లెక్క మరీ కచ్చితం కాదనుకోండి, కానీ చెవికి కూడా తేడా ఏమీ తెలియలేదు.

ఇక్కడ ఒక సిగ్గుచేటు విషయం ఒప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. చేసేది జావా. వైబ్రేషన్స్ అనే పేపరు రాసి పాసయ్యాను కూడా. పరీక్షకి ముందురోజు రాత్రి ఫార్ములాలు బట్టీపట్టి, మర్నాడు కక్కేసి వచ్చాను. ఫోమ్ అంటించేముందు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేసి ఉంటే డబ్బులు మిగిలేవి.

అసలు సంగతి ఏంటంటే, చప్పుడుని పీల్చుకోవడం వేరు, ఆపడం వేరు. ఫోమ్ లోపల లెక్కలేనన్ని గదులుంటాయి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి ఉంటుంది. చప్పుడంటే అదిరే గాలే కదా. ఆ గాలి ఈ ఇరుకు సందుల్లో దూరి, గోడలకి రాసుకుని, దాని శక్తి కాస్త వేడిగా మారిపోతుంది. అందుకే నోటితో ఊదితే కొంచెం కష్టమ్మీద గాలి అవతలికి పోయే ఫోమే పనికొస్తుంది. థర్మకోల్లో గదులన్నీ మూసుకుని ఉంటాయి, ఊదినా గాలి పోదు, దాంతో పెద్ద ప్రయోజనం లేదు. ఫోమ్ చేసే మేలల్లా గదిలో పుట్టిన చప్పుడు గోడలకి తగిలి తిరిగి రాకుండా తగ్గించడం. నిజంగానే ఆ రోజునుంచి కాల్‌లో నా గొంతు స్పష్టంగా ఉందన్నారు. వెనక రైలు మాత్రం అలాగే పోతోంది :-)

గోడవతలి చప్పుడుని ఆపాలంటే కావాల్సింది బరువు. మా తొమ్మిదంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి నాలుగొందల కిలోల పైచిలుకు ఉంటుంది. నేనంటించిన ఫోమ్ అంతే జాగాలో కిలో అటూ ఇటూ. గోడ బరువు రెట్టింపు చేస్తే దాటివచ్చే చప్పుడు ఐదారు డెసిబెల్లు తగ్గుతుంది. నాలుగొందల కిలోలకి ఇంకో కిలో కలిపితే ఏమొస్తుంది?

మరి అంత బరువైన గోడ ఉండి కూడా 78 ఎట్లా వస్తోంది? వెతికితే దొరికింది. అటకమీద షెడ్డువైపు ఒక పాత వెంటిలేటరు, దానికి అడ్డంగా ఒక కాలెండరు అట్ట. తలుపు కింద వేలు దూరేంత సందు. గాలి దూరేచోటల్లా చప్పుడు దూరుతుంది. కోట అంత గోడ కట్టి గేటు తెరిచిపెట్టుకున్నట్టన్నమాట. మేస్త్రీని పిలిచి వెంటిలేటరుకి ఇటుకలు పెట్టించి, తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టిస్తే 66కి వచ్చింది. పది డెసిబెల్లు తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. ఒక పూట మేస్త్రీ కూలి చేసిన పని అది.

ఇంకా ఒకటి మిగిలింది. బల్లమీద గ్లాసులో నీళ్ళు పెడితే సన్నగా అలలు వస్తూనే ఉన్నాయి. పక్కింటి అత్త చాలా ఏళ్ళుగా చెప్తోంది, "మీ మగ్గాలాడితే మా గూట్లో గిన్నెలు ఆడతాండాయి" అని. అది గాలిలో వచ్చే చప్పుడు కాదు, నేలలోంచి వచ్చే అదురు. మరమగ్గంలో నాడెని ఒక కొయ్య ఈ పక్కనుంచి కొడుతుంది, అవతలికి చేరగానే ఇంకో కొయ్య అటునుంచి కొడుతుంది. నిమిషానికి నూట ఇరవై సార్లు, అంటే సెకనుకి రెండు దెబ్బలు. ఆ దెబ్బలన్నీ ఇనప కాళ్ళగుండా బండల్లోకి, బండల్లోంచి గోడలోకి.

మగ్గం కింద మెత్తటిదేదైనా వేస్తే పోతుందిగా అనుకున్నా. ఎట్లాగూ నాలుగో మగ్గం కింద కడపబండ పగిలి మార్చాల్సి వచ్చింది. ఇదే అదనని పాత సోఫాలో స్పాంజి కోసి నాలుగు కాళ్ళ కిందా పెట్టించా. మగ్గాల మెకానిక్ వద్దన్నాడు. నాయన ఏమీ అనలేదు, స్విచ్చి పక్కన నిలబడ్డాడంతే.

మగ్గం మొదలైన అర నిమిషంలోనే ఉయ్యాల ఊగినట్టు ఊగింది. నాడె గాడి తప్పి ఎగిరితే ఎవరికైనా కన్ను పోయేది. నాయన టక్కున కరెంటు ఆపేశాడు. ఒక్క మాట అనలేదు. "తీసేయ్" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి పాత నోట్సు వెతికి లెక్క వేశా. స్పాంజి బరువుకి ఎంత కుంగిందో తెలిస్తే, ఆ మగ్గం దానంతటది ఏ వేగంతో ఊగుతుందో తెలుస్తుంది. కుంగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 15.8ని భాగిస్తే సరి. నా స్పాంజి రెండంగుళాలు, అంటే యాభై మిల్లీమీటర్లు కుంగింది. లెక్క చేస్తే సెకనుకి రెండు పైచిల్లర. మగ్గం దెబ్బలూ సెకనుకి రెండే! ఊగే ఉయ్యాలని సరిగ్గా సమయం చూసి తోసినట్టు అయింది. మెత్తటిది వేస్తే అదురు తగ్గుతుందన్నది సగమే నిజం. అదురు వేగం ఆ సొంత ఊపుకి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటితేనే తగ్గుతుంది. దానికి దగ్గర్లో ఉంటే పెరుగుతుంది.

తర్వాతి వారం అక్కావాళ్ళింటికి పులివెందుల పోతూ బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ఇదే పాఠం ఒళ్ళుకి అర్థమైంది. గుంట వచ్చినప్పుడు బస్సు ఎగిరినదానికన్నా సీటుమీద నేను ఎక్కువ ఎగురుతున్నా. ఫోమ్ సీటుమీద మనిషి కూర్చుంటే సెకనుకి నాలుగు సార్ల దగ్గర ఆ సీటు అదురుని తగ్గించకపోగా పెంచుతుంది. ఇంజను గుర్రుమనే సన్నటి అదురుని మాత్రం బాగానే మింగేస్తుంది. ఇన్నేళ్ళూ ముద్దనూరు మీదుగా ఎన్నిసార్లు తిరిగుంటానో, ఆ పులివెందులలోనే ఇంజనీరింగ్ చదివి మరీ, ఇది తట్టలేదు.

అక్కడ బావ నాకన్నా ఘనుడు. పైన గదిని హోం థియేటర్ చేసి గోడలకీ పైకప్పుకీ అంతా స్పాంజే. దిండ్లలో వేసే మామూలు పసుపు స్పాంజి, పైన నల్లరంగు. "చూడు బామ్మర్దీ, ఇప్పుడు పక్కింటోళ్ళు ఏమన్నా అంటే అడుగు" అన్నాడు. అక్క వంటింట్లోంచి, "వాళ్ళు నిన్న కూడా వచ్చిపోయినారు" అంది. వాళ్ళ గొడవంతా దడదడమనే బాస్ చప్పుడుతో. సెకనుకి యాభై సార్లు అదిరే బాస్ అల ఒక్కోటి దాదాపు ఏడు మీటర్ల పొడవు. దాన్ని బాగా పీల్చుకోవాలంటే అందులో నాలుగో వంతు మందం ఉండాలి, అంటే ఐదున్నర అడుగుల స్పాంజి. అంత పెడితే గదిలో సోఫాకి చోటుండదు.

నవ్వుకున్నాం గానీ, ఆ పైకప్పు స్పాంజిలోంచే లైట్ల వైర్లు పోతుండడం చూసి నాకు నవ్వు ఆగిపోయింది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్బులో స్టేజీమీద కాల్చిన మతాబు నిప్పురవ్వలు గోడకున్న ఫోమ్‌కి అంటుకుని వందమంది చనిపోయారు. ఆ ఫోమ్ ఎందుకు పెట్టారనుకున్నారు? చప్పుడు ఎక్కువగా ఉందని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చేస్తే. 2013 జనవరి 27న బ్రెజిల్‌లో సాంతా మారియాలో అచ్చం ఇలాగే 242 మంది పోయారు. పాలీయురెథేన్ మండితే వచ్చే పొగలో సైనైడ్ విషం ఉంటుంది, మంటకన్నా ముందు అదే చంపుతుంది. బావకి ఇదంతా చెప్తే "సర్లేబ్బా" అన్నాడు. నెల తర్వాత అక్క ఫోన్ చేసి, పైకప్పుదంతా పీకించేసినారు, గోడలకి మందం కర్టెన్లు వేసినారు అని చెప్పింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పూర్తి మంచిపని ఇదొక్కటే అనుకుంటా.

మా షెడ్డు రేకులకింద ఫోమ్ వేయించాలనే ఆలోచన కూడా అక్కడే ఆగిపోయింది. గాలంతా దూది నలుసులుండే చోట, నూనె చిందే చోట స్పాంజి వేలాడదీయడం కన్నా తెలివితక్కువ పని ఉండదు. అక్కడ వేస్తే గీస్తే నిప్పంటుకోని రాక్‌వూల్ వేయాలి, దానిమీద గాజుబట్ట, చిల్లుల రేకు. ఖర్చు చూసి ప్రస్తుతానికి వాయిదా.

మగ్గం కిందకి ఈసారి లెక్క చూసుకునే ప్యాడ్లు తెచ్చా. రబ్బరూ కార్కూ కలిపి చేసిన అంగుళం మందంవి, బరువు పడితే ఒక మిల్లీమీటరు మాత్రమే కుంగేవి. సొంత ఊపు సెకనుకి పదహారు దగ్గర. రెండు దెబ్బల అసలు ఊపుని అవి తగ్గించలేవు, అలాగని పెంచవు. దాన్ని తగ్గించాలంటే ఐదంగుళాలు కుంగే స్ప్రింగులు కావాలి, అది కుదిరే పని కాదు. కానీ ప్రతి దెబ్బతోపాటు వచ్చే కరుకు అదురు ఉంటుంది చూశారూ, గిన్నెల్ని గలగలలాడించేది, అది తగ్గింది. ఒక్కో మగ్గానికీ వేయించుకుంటూ వచ్చాం. పక్కింటి అత్త గూట్లో గిన్నెలు ఇప్పుడు ఊరికే ఉంటున్నాయట. గ్లాసులో నీళ్ళు కూడా.

ఇంతవరకూ చదివి వీడేదో సాధించాడనుకుంటున్నారేమో. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

దసరాకి జమ్మలమడుగు పోయాం, అవ్వావాళ్ళింటికి. అవ్వకి ఎనభై దాటాయి. ఆ ఇంట్లో ఇప్పటికీ గుంట మగ్గం ఉంది. నేలలో గుంట, అందులో కాళ్ళు, మట్టిలో పాతిన కొయ్య గుంజలు, చుట్టూ మట్టిగోడలు. నేత ఆగి చాలా రోజులైంది గానీ చిన్నప్పుడు ఆ మగ్గం పక్కనే నిద్రపోయేవాణ్ణి. చేత్తో లాగితే పోయే నాడెకి ఎంత చప్పుడొస్తుంది? వచ్చిన అదురు మట్టిలోనే ఇంకిపోయేది. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మా ఇంట్లో అందరం అరుస్తాం. బెంగళూరులో నేను అమ్మతో ఫోన్ మాట్లాడితే మా రూమ్మేట్లు "ఇంట్లో ఏమైనా గొడవా?" అని అడుగుతారు.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని ఉన్నాం. అవ్వ లోపల్నుంచే, "బయట ఎవరో గేటు తీస్తాండారు చూడుబ్బీ" అంది. గేటు పక్కనే కూర్చున్న నాయనకి ఇనపడలేదు. అవ్వకి ఎనభై. నాయనకి యాభై ఆరు.

అమ్మ మామూలుగా అన్నది, "మీ నాయనకి సంచి తెమ్మంటే కంచి అంటాడు, పాలు అంటే చాలంటాడు. వయసురా" అని. వయసు కాదని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

ప్రొద్దుటూరు వచ్చాక చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయా. గ్రాఫు చేతికిచ్చారు. కిందిస్థాయి శబ్దాలకి గీత బాగానే ఉంది, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు పడిపోయింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తారు?" ఆ గుంట చప్పుడులో పనిచేసేవాళ్ళ గుర్తు. అచ్చులు వినపడతాయి, స, చ, త లాంటివి జారిపోతాయి. అందుకే సంచి కంచి అయింది. పోయిన ఆ సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు మళ్ళీ మొలవవు.

రాత్రి కూర్చుని ఇంకో లెక్క వేశా. షెడ్డులో నా ఫోన్ చూపించింది 97. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు ఎనిమిది గంటలకి 85, ప్రతి మూడు డెసిబెల్లకీ సమయం సగం. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అర గంట. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనల్లో హద్దు ఎనిమిది గంటలకి 90, కానీ నలుగురు పనిచేసే ఇంటి వెనక షెడ్డు ఏ ఫ్యాక్టరీ లెక్కలోకీ రాదు. నాయన రోజుకి పది గంటల చొప్పున ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాడు. ఆ డబ్బుతోనే నేను మెకానికల్ చదివింది, వైబ్రేషన్స్ పేపరు రాసింది.

ఒకప్పుడు ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేతపని ఆడవాళ్ళు చప్పుడులో మాట వినపడక పెదాలు చూసి మాట్లాడుకునేవారట, దానికొక పేరు కూడా ఉంది, మీ-మాయింగ్ అని. మా షెడ్డులోనూ అంతే, నూలు తెగితే ఒక సైగ, కండెలు అయిపోతే ఒక సైగ, అన్నానికి రమ్మంటే ఒక సైగ. చిన్నప్పుడు అది మా ఇంటి సరదా భాష అనుకునేవాణ్ణి.

నిజం చెప్పాలంటే ఈ తతంగమంతా నేను మొదలుపెట్టింది నాయన చెవులకోసం కాదు. సముద్రాలవతల ఉన్న ఒకావిడకి నా గొంతు బాగా వినపడాలని. ఇరవై నాలుగు ముక్కలు కొన్నది ఆవిడ చెవులకోసం, వెంటిలేటరు మూయించింది నా చెవులకోసం. గోడకి అటువైపు ఒక మనిషున్నాడన్నది నా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లో లేదు.

అసలు కొనాల్సిన ఫోమ్ వేలి కొనంత ఉంటుంది. చెవిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్. నలిపితే సన్నగా అయి, వదిలేస్తే మెల్లగా ఉబ్బే ఫోమ్. 1972 నుంచీ అమ్ముతున్నారు, అంటే మా నాయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పటినుంచీ ఉన్న వస్తువన్నమాట. మంచిరకం ప్యాకెట్టుమీద 29 డెసిబెల్లు అని రాసి ఉంటుంది. సరిగ్గా పెట్టుకోకపోతే అందులో సగం కూడా రాదు. వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలు పెట్టి ఉంచాలి. సగమే వచ్చినా 97 కాస్తా 83కి దిగుతుంది.

డబ్బాడు తెచ్చి నాయన చేతిలో పెడితే చూసి పక్కన పెట్టేశాడు. "మగ్గం మాట ఇనపడకపోతే ఎట్లరా? నూలు తెగినా, నాడె సరిగా పోకున్నా నాకు చప్పుడులోనే తెలుస్తాది" అన్నాడు. సగం పోయిన చెవులతో కూడా నాలుగు మగ్గాల్లో ఏది తేడాగా ఆడుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ముప్ఫై ఏళ్ళ లాగ్ ఫైలు ఆయన బుర్రలో ఉంది. దాన్ని మూసేయమంటున్నాను నేను.

వారంపాటు వాదించా. చివరికి "ఒక్క పూట పెట్టుకుని చూడు నాయనా, నచ్చకపోతే నేనే పారేస్తా" అన్నా. పెట్టుకున్నాడు. కాసేపు చిరాగ్గా తిరిగాడు. తర్వాత రెండో మగ్గం చట్రంమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, జ్వరం చూసేవాళ్ళలాగా. నావైపు తిరిగి వేలితో సైగ చేశాడు, దీన్ని ఆపమని. ఆపి చూస్తే నాడెని కొట్టే కొయ్య దగ్గర తోలుపట్టీ చీలి ఉంది.

ఇప్పుడు పొద్దున పూట పెట్టుకుంటాడు, మధ్యాహ్నం చెమటకి చిరాకని తీసేస్తాడు. పనికి వచ్చే ఇద్దరిలో ఒకాయన పెట్టుకుంటాడు, ఇంకొకాయన ఫోనొస్తే తెలీదని మానేశాడు. కండెలు చుట్టే ఆమె అడిగి మరీ తీసుకుంది, వాళ్ళమ్మాయికి కూడా, ఎందుకంటే ఆ పిల్ల బడి అయ్యాక షెడ్డులోనే కూర్చుని హోంవర్కు రాసుకుంటుంది. నేను కూడా ఆ వయసులో అక్కడే రాసుకున్నా. అందుకే నా చెవులకీ పరీక్ష చేయించుకున్నా. 4000 దగ్గర చిన్న సొట్ట ఉంది.

మీ ఇళ్ళల్లో కూడా మగ్గాలో, జిన్నింగు మిల్లో, పిండిమరో, బండలు కోసే మిషనో నడిపిన నాన్నలుంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక్కసారి వెనకనుంచి మామూలు గొంతుతో పిలిచి చూడండి. తిరిగి చూడకపోతే వయసు అని సర్దుకోకండి. చెమటకి చిరాకు పెట్టని ప్లగ్గులు ఏవైనా మీకు తెలిస్తే నాకు చెప్పండి, మధ్యాహ్నం పూట గొడవ ఇంకా తేలలేదు.